మిగులు ఎవరిది? లెక్క ఎవరిది?

(ఉద్యోగులు, విద్యార్థుల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ఒక్కటే మాట. 'మిగులు'. నీళ్లు, నిధులు, నియామకాలు అని మూడు మాటల మీద మనం కొట్లాడినం. నీళ్ల సంగతి ఊరూరికి ఎరుకయింది. ఏ ప్రాజెక్టుకు ఎన్ని టీఎంసీలో చదువు రాని రైతు సుత చెప్తడు. నియామకాల సంగతి సుత ఎరుకయింది. 1985లో వచ్చిన 610 జీవో నంబరు తెల్వని ఉద్యోగి తెలంగాణల లేడు. నడిమిట్ల ఉన్న నిధుల కాడికి వచ్చేసరికి మాత్రం మనం ఒక్క మాట పట్టుకున్నం. 'మనది మిగులు. మన మిగులు దోసుకున్నరు.' ఈ మాట నిజమే. అయితే నిజమైన మాటను సుత అర్థం తెల్సుకొని వాడాలె. లేకుంటే రేపు ఆ మాటనే మన మీదికి మర్లుతది. ఇయాల నేను చెప్పదలుచుకున్నది గింతే.

నాకు ఈ పాఠం చెప్పింది పుస్తకం కాదు. 2011 సకల జనుల సమ్మె. సెప్టెంబర్ 13న మొదలయి 42 రోజులు నడిచిన ఆ సమ్మెల ఒక జిల్లా శిబిరం కాడ నేను మాట్లాడిన. 'మనది మిగులు' అన్న. చప్పట్లు మోగినయి. దిగినంక ఒక పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచిండు. ట్రెజరీల పనిచేసి రిటైరయిన మనిషి.

"బిడ్డా, మంచిగ మాట్లాడినవ్. మరి ఒకటి చెప్పు. ఏ ఖాతాల మిగులు? ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా? ఉమ్మడి ఖర్చుల మన పాలు ఎంతేసినవ్?"

నేను నోరు తెరిచిన గని జవాబు రాలే. పేపర్ల పనిచేస్తున్న, డిగ్రీ చదివిన, వేదికలెక్కుతున్న. మూడు ప్రశ్నలకు ఒక్కదానికి జవాబు లేదు. ఆయన ఇంకో మాట అన్నడు. "చప్పట్లు కొట్టినోళ్లు ఇంటికి పోతరు. లెక్క అడిగెటోడు ఢిల్లీల కూసుంటడు. వానికి ఏం చెప్తవ్?"

ఆ మూడు ప్రశ్నలే ఇయాల్టి నా ప్రసంగం.

ఇంటి లెక్క

ముందుగాల ఇంటికాడికెల్లి మొదలుపెడ్దం. ఇద్దరు అన్నదమ్ములు ఉమ్మడిగ ఉన్నరనుకోండ్రి. తమ్ముని చెలక మీద యాడాదికి లక్ష వచ్చింది. వాని పెండ్లాం పిల్లల ఖర్చు అరవై వేలు. మిగిలింది నలభై వేలు. కని ఇంట్ల ఉమ్మడి ఖర్చు ఒకటి ఉంటది గద. ముసలోళ్ల మందులు, చుట్టాల పెట్టుపోతలు, ఇంటికి సున్నం. అందుల తమ్ముని పాలు ముప్పై వేలు అంటే మిగులు పది వేలకు దిగుతది. యాభై వేలు అంటే తమ్ముడే పది వేలు బాకీ పడుతడు.

చూసిండ్రా? పండిన పంట మారలే. తిన్న తిండి మారలే. మారింది ఉమ్మడి ఖర్చుల పాలు ఒక్కటే. దాంతోని మిగులున్నోడు బాకీదారు అయిండు. మిగులు అంటే సందుగుల మూటగట్టి పెట్టిన పైసలు కాదు. తీసివేత లెక్కల చివరికి మిగిలిన అంకె. ఆ లెక్క పుస్తకం ఎవని చేతుల ఉంటదో, మిగులు వాని చేతుల ఉంటది. మన చరిత్ర మొత్తం ఈ ముక్కలనే ఉన్నది.

మాట ఇచ్చిన కాడ

1955లో ఫజల్ అలీ కమిషన్, అంటే రాష్ట్రాల పునర్విభజన కమిషన్, నివేదిక ఇచ్చింది. అప్పటికే ఆంధ్ర రాష్ట్రం పైసల కష్టంల ఉన్నదని ఆ కమిషన్ రాసింది. దానితోని పోలిస్తే తెలంగాణకు అసొంటి ఇబ్బంది వచ్చేది తక్కువ అని సుత రాసింది. కారణం చెప్పింది. తెలంగాణల భూమిశిస్తు ఎక్కువ, ఆబ్కారీ మీద యాడాదికి దగ్గర దగ్గర 5 కోట్ల రూపాయల రాబడి ఉన్నది. కలిస్తే తమ ఖాయమైన రాబడి పోయి, ఆంధ్రకున్న అనిశ్చితి తమకూ వస్తదని తెలంగాణ నాయకులు భయపడుతున్నరని సుత కమిషన్ రాసిపెట్టింది. అంటే 'మిగులు' మన నోటికెల్లి ఊడిపడ్డ మాట కాదు. రెండు రాష్ట్రాలు కలవకముందే ఢిల్లీ కమిషన్ కాయితం మీద ఉన్న సంగతి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీల పెద్దమనుషుల ఒప్పందం అయింది. ఆ దిక్కు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. ఈ దిక్కు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కేవీ రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జేవీ నర్సింగరావు. ఒప్పందంల మొట్టమొదటి అంశం ఏందో ఎరికేనా? నౌకర్లు కాదు, ముఖ్యమంత్రి పదవి కాదు. పైసలు. రాష్ట్ర పరిపాలనకయ్యే ఉమ్మడి ఖర్చును రెండు ప్రాంతాలు దామాషా ప్రకారం మోయాలె. తెలంగాణ రాబడిల మిగిలింది తెలంగాణ అభివృద్ధికే వాడాలె. అయిదేండ్లకు సమీక్ష చెయ్యాలె, తెలంగాణ సభ్యులు కోరితే ఇంకో అయిదేండ్లు నడపాలె. ఇదీ షరతు.

ఇగ ట్రెజరీ పెద్దమనిషి మూడో ప్రశ్న యాది చేసుకోండ్రి. 'దామాషా' అన్నరు. ఏ దామాషా? జనాభా దామాషానా, రాబడి దామాషానా, విస్తీర్ణమా? ఆ అంశంల అంకె లేదు. 'మిగిలింది' అన్నరు. ఎవరు లెక్కగట్టాలె? ఏ నెలల చెప్పాలె? ఖర్చు పెట్టకపోతే ఎవరిని అడగాలె? లెక్క పుస్తకం పేరే లేదు. పెద్దమనుషులు మాట ఇచ్చిండ్రు, పద్దు రాయలే.

ఇంకో ముచ్చట. ఒప్పందంల తెలంగాణకు ప్రాంతీయ మండలి అన్నరు. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అయింది. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికి అది ప్రాంతీయ కమిటీ అయింది. తెలంగాణ ఎమ్మెల్యేలు అందుల సభ్యులు. కమిటీకి, ప్రభుత్వానికి పొత్తు కుదరకపోతే గవర్నర్ చెప్పిందే ఆఖరు మాట. అడిగే నోరు ఇచ్చిండ్రు గని ఖజానా తాళం ఇయ్యలే. అయినా మిగులు ఏమయిందని అడిగెటందుకు రాజ్యాంగం ప్రకారం మనకున్న ఒక్క జాగ అదే. ఈ సంగతి మతిల పెట్టుకోండ్రి, మళ్ల వస్తది.

రెండు లెక్కలు, రెండు అంకెలు

1969 జనవరిల పాల్వంచ నుంచి, ఖమ్మం నుంచి అంటుకున్న మంట ఎట్ల లేచిందో మీకు నేను చెప్పే పని లేదు. ముల్కీ నౌకర్లతోపాటు విద్యార్థులు, ఎన్జీవోలు అడిగింది ఈ మిగులు గురించే. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి. ఆ జనవరి నెలలనే అఖిలపక్షం ఒప్పందం చేసుకున్నది. మిగులు ఎంతనో తేల్చెటందుకు కాగ్ కార్యాలయం అధికారి కుమార్ లలిత్‌ను పెట్టిండ్రు. 1956 నవంబర్ 1 నుంచి 1968 మార్చి 31 దాకా లెక్క తీసి, తెలంగాణల ఖర్చు పెట్టకుంట ఉంచిన మిగులు 34.10 కోట్ల రూపాయలు అని ఆయన తేల్చిండు.

మంట సల్లారలే. 1969 ఏప్రిల్ 11న ప్రధాని ఇందిరాగాంధీ పార్లమెంటుల ఎనిమిది అంశాల పథకం చెప్పింది. దాని కింద సుప్రీంకోర్టు న్యాయమూర్తి వశిష్ఠ భార్గవ అధ్యక్షతన ఇంకో కమిటీ కూసున్నది. అదే కాలానికి ఈ కమిటీ తేల్చిన అంకె 28.34 కోట్లు.

అవే పదకొండేండ్ల అయిదు నెలలు. అదే ఖజానా. అవే రసీదులు. నడుమ ఫరకు 5.76 కోట్లు. ఎవరో దొంగ లెక్క రాసిండ్రని నేను అంటలేను. ఏ ఖర్చును ఉమ్మడి అనాలె, ఏ రాబడిని ఏ ప్రాంతం కింద జమ కట్టాలె అనే కాడనే ఇసొంటి ఫరకు పుడుతది. అన్నదమ్ముల ముచ్చటనే.

అయితే ఒక సంగతిల రెండు లెక్కలు ఒక్కటయినయి. మిగులు ఉన్నది, దాన్ని తెలంగాణల ఖర్చు పెట్టలే. తక్కువ అంకెనే పట్టుకుందాం. 28.34 కోట్లను ఆ కాలానికి పంచితే యాడాదికి దగ్గర దగ్గర రెండున్నర కోట్లు పడుతది. కమిషన్ చెప్పిన ఆబ్కారీ రాబడి యాడాదికి 5 కోట్లు గద. అండ్ల సగమంత పైస యాడాదికాడాది ఇక్కడ ఖర్చు కాకుంట పోయిందన్నట్టు. గా పైసల్ల ఎన్ని బడులు, ఎన్ని దవాఖానలు, ఎన్ని చెరువు కట్టలు ఉన్నయో, ఎంతమంది పంతుళ్ల నౌకర్లు ఉన్నయో మీరే లెక్కేసుకోండ్రి. ఆలస్యంగ ఇచ్చినా అదే విలువ ఉండదు. 1957ల ఒక చెరువుకు కట్ట పోసే పైసతోని 1969ల అంతే కట్ట పొయ్యలేరు. మిత్తి లేకుంట పన్నెండేండ్లకు బాకీ తీర్చినోడు బాకీ తీర్చినట్టా?

ఆ యాడాది తూటాలకు పోయినోళ్లు 369 మంది అని ఉద్యమం చెప్పుకుంటది. వాళ్లల్ల చానమంది మీ ఈడు పోరగాళ్లు. కమిటీలు అంకెలు తేల్చినయి. తేల్చిన అంకె అడిగినోళ్ల ప్రాణాలకు బదులు కాదు.

లెక్క అడిగే జాగనే పోయింది

ఇగ అసలు దెబ్బ. అది మిగులు మీద పడలే, మిగులును అడిగే జాగ మీద పడింది. జై ఆంధ్ర ఉద్యమం తర్వాత 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ నిబంధనలు, ప్రాంతీయ కమిటీ ఇగ అక్కర లేదన్నరు. రాజ్యాంగానికి 32వ సవరణ చేసిండ్రు. తెలంగాణ రాబడి ఎంత, ఖర్చు ఎంత అని వేరే పద్దు కింద అడిగే రాజ్యాంగ సంస్థ లేకుంట పోయింది.

మాట ఎట్ల మారిందో చూడుండ్రి. అప్పటి దాకా మాట 'మిగులు'. ఆరు సూత్రాలల్ల వచ్చిన మాట 'వెనుకబడిన ప్రాంతాల సత్వర అభివృద్ధి'. మిగులున్నోడు హక్కుదారు. నా పైసలు నాకియ్యి అంటడు. వెనుకబడ్డోడు దరఖాస్తుదారు. జెర దయచూడు అంటడు. ఒక్క మాట మార్చి హక్కుదారును దరఖాస్తుదారుగ నిలబెట్టిండ్రు. గందుకే నేను మాట అర్థం తెల్సుకోవాలె అనేది.

2001 తర్వాత ఉద్యమం మళ్ల లేచినప్పుడు ప్రొఫెసర్ జయశంకర్ సారు అసొంటోళ్లు ఈ పాత పద్దులను దులిపి జనం ముందర పెట్టిండ్రు. అవతలి వాళ్లు ఒక వాదన తెచ్చిండ్రు. 'కంపెనీల పెద్దాఫీసులు హైదరాబాదుల ఉంటయి, రాష్ట్రం మొత్తం మీద చేసిన వ్యాపారానికి పన్ను హైదరాబాదుల కడుతరు. అది తెలంగాణ రాబడి ఎట్లయితది?' అని. ఈ వాదనను ఎకసక్కెం చేసి పక్కకు పెట్టొద్దు. అందుల కొంత పస ఉన్నది. అయితే నా జవాబు ఒక్కటే. ఏ ప్రాంతం రాబడి ఏ ప్రాంతానిదో యాడాదికాడాది వేరే పద్దు రాసి ఉంటే ఇసొంటి పంచాది వచ్చేదా? లెక్క రాయనిచ్చే సంస్థను తీసేసి, లెక్క చూపియ్యి అని మమ్ములనే అడిగితే ఎట్ల?

ఖజానా మనదయినంక

2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పుస్తకం మన చేతికి వచ్చింది. ఆ నవంబర్ల తొలి బడ్జెట్ పెట్టిండ్రు. మొత్తం లక్ష కోట్లు దాటింది. రెవెన్యూ మిగులు 301 కోట్లు అన్నరు. మనం సంబురపడ్డం. నేను సుత సంబురంగ వార్త రాసిన. అదే బడ్జెట్ల ద్రవ్యలోటు 17,398 కోట్లు. అది ఎంతమందిమి చదివినం?

ఇక్కడ పెద్దమనిషి మొదటి ప్రశ్న: ఏ ఖాతా? రెవెన్యూ మిగులు అంటే యాడాది మామూలు రాబడిలకెల్లి జీతాలు, పింఛన్లు, మిత్తీలు, సబ్సిడీల అసొంటి మామూలు ఖర్చు తీసేస్తే మిగిలింది. ద్రవ్యలోటు అంటే ప్రాజెక్టులు, రోడ్లు, కట్టడాలు, ఇచ్చిన అప్పులు అన్ని కలుపుకొని, అప్పు తెస్తె గని పూడని గుంత. నౌకరున్నోని ఇంట్ల నెల జీతంల వెయ్యి మిగలొచ్చు. అదే యాడాది ఇల్లు కట్టెటందుకు ఇరవై లక్షల అప్పు తేవచ్చు. రెండూ నిజమే. వెయ్యి మిగిలిందని ఊరంత చాటి, ఇరవై లక్షల సంగతి దాస్తేనే తప్పు.

ఇంతకన్న పెద్ద ముచ్చట 2016-17ది. ఆ యాడాది రెవెన్యూ మిగులు 1,386 కోట్లు అని ప్రభుత్వం చూపింది. అది మిగులు కాదు, 5,392 కోట్ల లోటు అని కాగ్ తేల్చింది. కరెంటు పంపిణీ సంస్థలకిచ్చిన గ్రాంటును వాటా కింద చూపుడు, అప్పు తెచ్చిన పైసలను రాబడి కింద జమ చేసుడు అసొంటివి కాగ్ ఎత్తిచూపిన తప్పులు. 1969ల కాగ్ అధికారి అంకెను పట్టుకొని 'మా మిగులు ఇయ్యి' అని మనం రోడ్డెక్కినం. మరి అదే కాగ్ మన ప్రభుత్వం లెక్క తప్పన్నప్పుడు ఎంతమందిమి నోరు తెరిచినం? అవతలోడు చేస్తే దోపిడీ, మనోడు చేస్తే చాకచక్యమా?

భూముల సంగతి అంతే. 2006ల కోకాపేట భూములను వేలం వేస్తే మన భూములు అమ్ముకుంటున్నరని ఉద్యమం కొట్లాడింది. అదే కోకాపేటల 2023 ఆగస్టుల ఎకరం 100 కోట్లు దాటి పలికితే పండుగ చేసిండ్రు. భూమి ఒక్కసారే అమ్ముతం. జీతం ప్రతి నెల ఇయ్యాలె. చెలక అమ్ముకొని ఇల్లు నడిపెటోన్ని ఊర్ల మిగులున్నోడు అంటరా?

ప్రభుత్వం మారినంక 2023 డిసెంబర్ల శాసనసభల శ్వేతపత్రం పెట్టిండ్రు. కార్పొరేషన్ల పేరు మీద తెచ్చినయి సుత కలిపి అప్పు 6,71,757 కోట్లు అన్నరు. దిగిపోయినోళ్లు ఆ లెక్క తప్పు అన్నరు. మల్ల అదే కథ. ఒక్క ఖజానా, రెండు అంకెలు. ఫరకు ఎక్కడ? ఏది లెక్కల కలపాలె, ఏది కలపొద్దు అనే కాడనే. 34.10కి, 28.34కి నడుమ జరిగిన పంచాదే ఇప్పుడు మన ఇంట్లనే జరుగుతున్నది.

మీ బాకీ ఎవని మిగులు?

ఆఖరుకు మీకు తలిగే మాట. సర్కారు లెక్క నగదు మీద నడుస్తది. పైస చేతిల పడ్డనాడే జమ, చేతిలకెల్లి పోయిననాడే ఖర్చు. బిల్లు పాసయి ఇయ్యకుంట పెడితే అది ఆ యాడాది ఖర్చుల కనిపించది.

దీని అర్థం ఏందో విద్యార్థి తమ్ముళ్లు జెర ఆలోచించుండ్రి. మీ కాలేజీకి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్ మార్చిల ఇయ్యకుంట ఆపితే, ఆ యాడాది లెక్కల అంత పైస మిగిలినట్టే కనిపిస్తది. కాలేజీల మీ సర్టిఫికెట్ ఆగిపోతది. ఉద్యోగ మిత్రులారా, మీ డీఏ బకాయి, మీ జీపీఎఫ్ బిల్లు, రిటైరయినోళ్ల బెనిఫిట్లు, ఊర్ల సర్పంచి చేసిన పని బిల్లు, అన్ని అంతే. కాయితం మీద కనిపించే మిగులుల మీ బాకీ దాగి ఉండొచ్చు. ట్రెజరీ పెద్దమనిషి రెండో ప్రశ్న, ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా అన్నది, గిందుకే. మార్చి 31 నాడు మిగులు కనిపిస్తది. ఏప్రిల్ 1 నాడు బాకీ అట్లనే ఉంటది.

కాబట్టి ఎవరన్న 'మనది మిగులు' అన్నా, 'ఖజానా ఖాళీ' అన్నా, ఏ జెండా పట్టుకొని అన్నా, ఉత్తగ చప్పట్లు కొట్టొద్దు, ఉత్తగ తిట్టొద్దు. అడుగుండ్రి. ఏ ఖాతా? ఏ కాలం? ఉమ్మడి కింద, పక్కకు పెట్టిన కార్పొరేషన్ల కింద ఏం దాచినవ్? ఇయ్యవలసిన బిల్లులు ఎన్ని ఉన్నయి? ఈ నాలుగు అడిగెటందుకు ఆర్థికశాస్త్రంల పట్టా అక్కర లేదు. బడ్జెట్ పుస్తకాలు, కాగ్ నివేదికలు జనం ముందరనే ఉంటయి. ప్రతి కాలేజీల, ప్రతి ఉద్యోగ సంఘం ఆఫీసుల నలుగురు కూసొని యాడాదికొకసారి వాటిని చదవాలె. ప్రాంతీయ కమిటీ పోయిననాడు మనకు అడిగే జాగ లేకుంట అయింది. ఇప్పుడు ఆ జాగ మనమే కావాలె.

ఆ ట్రెజరీ పెద్దమనిషి మళ్ల నాకు కనిపించలే. కనిపిస్తే ఇప్పుడు ఆయన ప్రశ్నలకు జవాబు చెప్తనని నా ధైర్యం. ఆయన కాడ ఇంకో ప్రశ్న ఉండే ఉంటది. 'రాష్ట్రం వచ్చింది గద బిడ్డా, మరి పుస్తకం తెరిచి చూసినవా?' అంటడు. ఆ ప్రశ్నకు నేనొక్కన్నే జవాబు చెప్పలేను. మనందరం కలిసి చెప్పాలె.

జై తెలంగాణ.